మూతపడిన ఫ్యాక్టరీ నేలకు ప్రభుత్వ ఖర్చుతో పరీక్ష: విశాఖలో ఏ అడుగు ముందు, ఏది తరువాత

గాజువాక నుంచి, మల్కాపురం నుంచి, భీమిలి వైపు నుంచి తరచూ ఒకే ప్రశ్న వస్తోంది. "మా వీధి చివర ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లయింది. ఆ నేలలో ఏముందో తెలియదు. పరీక్ష చేయించమంటే డబ్బు లేదంటున్నారు. ఎవరిని అడగాలి?"

డబ్బు లేదన్న జవాబు సగమే నిజం. చాలా అర్జీలు ఆగేది వేరే కారణంతో: అడగరాని పద్దు కింద అడగడం. నేలను శుద్ధి చేయడం వేరు, నేలలో ఏముందో తేల్చడం వేరు. మొదటిది కోట్లతో పని. రెండోది దాని ముందు చిన్నది, పైగా ఎవరు చేయాలో నిబంధనల్లోనే రాసి ఉన్నది. నేను రాసిన మొట్టమొదటి అర్జీలో "స్థలాన్ని శుద్ధి చేయించగలరు" అని ముగించాను. ఆ ఒక్క మాటతో ఫైలు ఇంజనీరింగ్ విభాగానికి వెళ్లింది. ఏడు నెలల తరువాత "అంచనా వ్యయం జతపరచలేదు" అన్న వ్యాఖ్యతో తిరిగివచ్చింది. నేలలో ఏముందో తెలియకుండా శుద్ధికి అంచనా ఎవరు వేయగలరు?

ఒక్క సంగతి ముందే చెప్పాలి. ఈ నిధులు వ్యక్తుల చేతికీ, కాలనీ సంఘాల ఖాతాకూ రావు. కాలుష్య నియంత్రణ మండలి, నగరపాలక సంస్థ, జిల్లా యంత్రాంగం వీటిని ఖర్చు పెడతాయి. మీ పని వాటి చేత ఖర్చు పెట్టించడం. కార్పొరేషన్‌లో, వార్డు సచివాలయంలో పనిచేసేవారికి కూడా ఇదే క్రమం పనికొస్తుంది.

## 1. మీ స్థలం ఏ నిబంధన కిందికి వస్తుందో చూసుకోండి

కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం 2025 జులైలో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. ఇవి 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద వచ్చాయి. వాటిలో మనకు కావలసిన క్రమం ఇది.

స్థానిక సంస్థ గానీ జిల్లా యంత్రాంగం గానీ తమ పరిధిలోని అనుమానిత కలుషిత స్థలాల జాబితాను ఆరు నెలలకోసారి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి పంపాలి. ఆపై 90 రోజుల్లో మండలి స్వయంగా గానీ, నియమించిన నిపుణ సంస్థ ద్వారా గానీ ప్రాథమిక అంచనా వేయాలి. అనుమానం బలపడితే మరో మూడు నెలల్లో సమగ్ర సర్వే చేయాలి. కలుషితమని తేలితే ఆ సంగతి ప్రజలకు ప్రకటించాలి, అక్కడికి రాకపోకలపై ఆంక్షలు పెట్టాలి. బాధ్యులు ఎవరో తేల్చడం కూడా మండలి పనే. శుద్ధి ఖర్చు బాధ్యులది. వారు దొరకకపోయినా, కట్టలేకపోయినా కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు చూడాలి.

అంటే తాళంచెవి జాబితాలో ఉంది. జాబితాలో పేరు లేని స్థలానికి ఏ గడువూ మొదలుకాదు.

కొన్ని స్థలాలకు ఈ దారి పనికిరాదు:

□ చెత్త డంపింగ్ యార్డు. కాపులుప్పాడ లాంటి చోట పాత చెత్త తొలగింపునకు స్వచ్ఛ భారత్ పట్టణ మిషన్ రెండో దశ ఉంది.
□ గనులు, క్వారీల వ్యర్థాలు. అక్కడ జిల్లా ఖనిజ నిధిని అడగాలి, అదీ ఆ ప్రాంతం గనుల ప్రభావిత ప్రాంతంగా గుర్తింపు పొంది ఉంటేనే.
□ రేడియోధార్మిక వ్యర్థాలు.
□ సముద్రంలో చమురు తెట్టు.

ఇంకో మాట. ఈ విషయం మీద వెతికితే అమెరికా పర్యావరణ సంస్థ ఇచ్చే "బ్రౌన్‌ఫీల్డ్" గ్రాంట్లు ముందుగా కనిపిస్తాయి. పాత పారిశ్రామిక స్థలాల పరీక్షకే ప్రత్యేకంగా గ్రాంటు ఇచ్చే మంచి పథకం అది. కానీ అక్కడి స్థలాలకే. ఆ దరఖాస్తు ఫారాన్ని తెలుగులోకి మార్చి కలెక్టరేట్‌లో ఇచ్చినవారిని చూశాను. నవ్వు రాలేదు, జాలి వేసింది. వారు పడిన శ్రమ అంతా సరైన ఫైలుకు పెట్టి ఉంటే ఎప్పుడో పని అయ్యేది.

## 2. స్థల చరిత్ర ఫైలు తయారు చేయండి

సగం విజయం ఇక్కడే ఉంది. తొందరపడకండి. నెలన్నర పట్టినా ఫర్వాలేదు.

భూమి కాగితాలు. మొదట సర్వే నంబర్లు. "పాత జూట్ మిల్లు స్థలం" అంటే అధికారికి ఏమీ అర్థం కాదు. తహసీల్దార్ కార్యాలయం నుంచి ఎఫ్ఎంబీ, అంటే సర్వే నంబరు కొలతల పటం నకలు, భూమి రికార్డులైన అడంగల్, 1-బి తీసుకోండి. సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఈసీ, అంటే ఆ భూమిపై జరిగిన లావాదేవీల పత్రం తీయించండి. నిషేధిత భూముల 22-ఎ జాబితాలో ఉందేమో చూడండి. విశాఖలో పెద్ద స్థలాలు చాలా వరకు పోర్టు, రైల్వే, నౌకాదళం, రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏపీఐఐసీ, ప్రభుత్వరంగ సంస్థల చేతుల్లో ఉన్నాయి. యజమాని ఎవరో తెలియకుండా అర్జీ పెడితే మొదటి ప్రశ్నకే ఆగిపోతుంది.

ఫ్యాక్టరీ కాగితాలు. ఇవి కాలుష్య నియంత్రణ మండలి దగ్గర ఉంటాయి. సమాచార హక్కు చట్టం కింద అడగండి. జిల్లా స్థాయి కార్యాలయానికి రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. "ఫ్యాక్టరీకి సంబంధించిన మొత్తం సమాచారం" అని రాస్తే రాదు. పేరు పెట్టి అడగండి:

□ ఫ్యాక్టరీ పెట్టడానికి, నడపడానికి మండలి ఇచ్చిన అనుమతులు, అంటే సీఎఫ్ఈ, సీఎఫ్ఓ ఉత్తర్వులు, వాటిలోని షరతుల పట్టికలు
□ ప్రమాదకర వ్యర్థాల అనుమతి పత్రం
□ ప్రమాదకర వ్యర్థాల వార్షిక రిటర్నులు, అంటే ఫారం 4
□ ఏటా సెప్టెంబరు 30లోగా ఇవ్వాల్సిన పర్యావరణ నివేదిక, అంటే ఫారం 5
□ తనిఖీ నివేదికలు, నోటీసులు, మూసివేత ఉత్తర్వు

ఫారం 4లో ఏ వ్యర్థం ఎన్ని టన్నులు వచ్చింది, ఎంత బయటికి పంపారు, ఎంత ఆవరణలో నిల్వ ఉంది అన్నది ఉంటుంది. ఏటా పుట్టినదాన్ని, బయటికి పంపినదాన్ని పక్కపక్కన రాసి తీసివేయండి. మిగిలిన తేడా ఎక్కడికి పోయిందన్నదే మీ అర్జీలో బలమైన వాక్యం.

పాత కార్మికులు. కాగితాల్లో లేనిది వీరి దగ్గర ఉంటుంది. బాయిలరు బూడిద ఎక్కడ పోసేవారు, నూనె పీపాలు ఏ గోడ పక్కన ఉండేవి, ఏ తొట్టె నిండితే ఏ గెడ్డలోకి (వాగులోకి) వదిలేవారు అని అడగండి. ఊరికే అడిగితే జ్ఞాపకం రాదు. పాత ఉపగ్రహ చిత్రాన్ని పెద్ద సైజులో ప్రింటు తీసి ముందు పెట్టండి. ఒక పెద్దాయన అలా చిత్రం చూస్తూ వేలు పెట్టి "ఇక్కడ నీళ్లు పచ్చగా ఉండేవి బాబూ, మేం చెప్పులు తీసేవాళ్లం కాదు" అన్నారు. ఆ చోట క్రోమియం పూత విభాగం ఉండేదని తరువాత కాగితాల్లో తేలింది. చెప్పినవారి పేర్లు అర్జీలో పెట్టకండి. "మాజీ కార్మికుల కథనం" అని చాలు.

చిత్రాలు. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలు, ఇస్రో వారి భువన్ చిత్రాలు ఉచితం. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్‌కు ముందు, తరువాత చిత్రాలను పోల్చండి. కూలిన రేకుల షెడ్లు, కొట్టుకుపోయిన కట్టలు వాటిలో తెలుస్తాయి. డ్రోన్ ఆలోచన మాత్రం వద్దు. నౌకాదళ ప్రాంతాల చుట్టూ మూడు కిలోమీటర్ల వరకు డ్రోన్లు ఎగరేయడం నిషిద్ధం.

బయటి నుంచి పరిశీలన. గోడ దూకకండి. పాత తొట్లలో విషవాయువు, పొదల్లో పాములు, పైగా అక్రమ ప్రవేశం కేసు. రోడ్డు నుంచి, గెడ్డ గట్టు నుంచి కనిపించేవి ఫొటో తీయండి: మొక్క మొలవని మట్టి, రంగు మారిన నీరు, నూనె మెరుపు. చుట్టూ ఉన్న బావులు, బోర్లు, అంగన్‌వాడీ, బడి ఎంత దూరమో మీటర్లలో రాయండి.

చివరికి ఈ ఫైలు పది పన్నెండు పేజీలు మించకూడదు. మొదటి పేజీలో పటం, రెండో పేజీలో ఏ ఏడాది ఏం జరిగిందన్న పట్టిక.

## 3. ఏ పరిశ్రమకు ఏ పరీక్షో జత చేయండి

"అన్ని పరీక్షలూ చేయాలి" అంటే ఎస్టిమేట్ చూసి ఎవరైనా ఫైలు మూసేస్తారు. కేంద్రం ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో 189 రసాయనాలు ఉన్నాయి. మీ స్థలానికి వాటిలో పదో, పదిహేనో చాలు.

సీసం, జింకు కరిగించిన చోట సీసం, కాడ్మియం, జింకు, ఆర్సెనిక్, సల్ఫేటు. విశాఖలో జింక్ స్మెల్టర్ 1977లో మొదలై 2012లో ఆగింది కాబట్టి ఈ వరుస ఇక్కడివారికి కొత్తేమీ కాదు. జూట్ మిల్లులో నార మెత్తబరిచే నూనె, బాయిలరు బూడిద, పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనె, రేకుల్లో ఆస్బెస్టాస్. 2009లో మూతపడిన చిట్టివలస మిల్లు లాంటి స్థలం గురించి రాసేవారు ఇవి చూసుకోవాలి. లోహపు పూత పనులు జరిగిన చోట క్రోమియం, నికెల్, సయనైడ్. ఆటోనగర్ తరహా షెడ్లలో వాడిన ఇంజను ఆయిలు, బ్యాటరీల సీసం. ఇంధన నిల్వల చోట బెంజీన్ లాంటి ఆవిరయ్యే రసాయనాలు. కలప డిపోలో ఆర్సెనిక్.

## 4. అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి

ఒకే అర్జీని మూడు చోట్ల ఇవ్వాలి: విశాఖ నగరపాలక సంస్థ అయిన జీవీఎంసీ కమిషనర్‌కు, జిల్లా కలెక్టర్‌కు, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి. ప్రతి సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తే నమోదు సంఖ్య వెంటనే వస్తుంది. ఆ సంఖ్య లేని అర్జీ గాలిలో దీపం.

కోరిక ఒక్కటే ఉండాలి. ఇలా రాయవచ్చు:

"పై సర్వే నంబర్లలోని స్థలాన్ని 2025 కలుషిత స్థలాల నిబంధనల కింద అనుమానిత కలుషిత స్థలాల అర్ధవార్షిక జాబితాలో చేర్చి, ప్రాథమిక అంచనా కోసం రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి పంపవలసిందిగా కోరుతున్నాము."

నష్టపరిహారం, ఉద్యోగాలు, పార్కు, రోడ్డు, అన్నీ ఇందులో కలపకండి. ప్రతి కోరికా ఫైలును ఒక్కో విభాగానికి లాగుతుంది.

నెల దాటాక జాబితా పంపారా, పంపితే ఏ తేదీన, ఏ లేఖ ద్వారా అని సమాచార హక్కు కింద అడగండి. ఆ తేదీ నుంచి 90 రోజులు లెక్కపెట్టుకోండి.

## 5. డబ్బు ఎక్కడి నుంచి? ఈ వరుసలో అడగండి

మొదట కాలుష్య నియంత్రణ మండలి. ప్రాథమిక అంచనా నిబంధనల ప్రకారం మండలి పనే. విడిగా నిధి అడగనక్కర లేదు, విధి గుర్తుచేస్తే చాలు. "నిధులు లేవు" అంటే రాతపూర్వకంగా ఇవ్వమనండి. ఆ కాగితమే తరువాతి మెట్లకు ఆధారం.

తరువాత పర్యావరణ నష్టపరిహార నిధి. కాలుష్యం చేసిన సంస్థల నుంచి వసూలు చేసిన మొత్తం మండళ్ల దగ్గర ఉంటుంది. దీన్ని పర్యావరణ నష్టాన్ని అంచనా వేయడానికి, కలుషిత స్థలాల పునరుద్ధరణకు వాడవచ్చు. జిల్లాలో ఎంత వసూలైంది, ఎంత ఖర్చయింది అని ముందు సమాచార హక్కు కింద తెలుసుకుని, ఆ అంకె పట్టుకుని అడగండి. అంకె చేతిలో ఉన్న అర్జీకి జవాబు వేరుగా ఉంటుంది.

జీవీఎంసీ సాధారణ నిధులు. స్థలం నగరపాలక సంస్థదే అయితే, లేదా పక్కనే దాని బడి, పార్కు, మంచినీటి బోరు ఉంటే ఇది సులువైన దారి. మీ కార్పొరేటర్ ద్వారా స్థాయీ సంఘం అజెండాలో పెట్టించాలి. కౌన్సిల్ లేని రోజుల్లో ప్రత్యేకాధికారికి ఇవ్వాలి. బడ్జెట్ తయారీకి ముందే, అంటే అక్టోబరు, నవంబరు నెలల్లోనే కదలండి. ఫిబ్రవరిలో వెళ్తే వచ్చే ఏడాది చూద్దామంటారు.

పునరభివృద్ధి ప్రాజెక్టులో భాగంగా. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో లక్ష కోట్ల రూపాయల అర్బన్ ఛాలెంజ్ ఫండ్ ప్రకటించారు. నగరాల్లోని పాత ప్రాంతాలకు కొత్త రూపమివ్వడం దాని ఉద్దేశాల్లో ఒకటి. ప్రాజెక్టు వ్యయంలో 25 శాతం వరకు కేంద్రం ఇస్తుంది. కనీసం 50 శాతం బాండ్లు, బ్యాంకు రుణాలు, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యం ద్వారా రావాలి. 2018లోనే 80 కోట్ల రూపాయల బాండ్లు జారీ చేసిన జీవీఎంసీకి ఈ ఆట కొత్త కాదు. ఒంటరి నేల పరీక్షకు ఇది సరిపోదు. విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ గానీ జీవీఎంసీ గానీ ఆ స్థలంలో ఏదైనా కట్టే ఆలోచనలో ఉంటే మాత్రం, నేల పరీక్షను ప్రాజెక్టు సమగ్ర నివేదిక (డీపీఆర్)లో ఒక పద్దుగా పెట్టించండి. కట్టడం మొదలయ్యాక నేలలో సీసం బయటపడితే ఆగే పని విలువ ముందు ఈ ఖర్చు ఎంత?

జాతీయ హరిత ట్రైబ్యునల్. పై దారులు మూసుకుంటేనే. మన కేసులు చెన్నైలోని దక్షిణ మండల ధర్మాసనానికి వెళ్తాయి. పరిహారం కోరని దరఖాస్తుకు రుసుము వెయ్యి రూపాయలు. పర్యావరణ పునరుద్ధరణ కోరడానికి కారణం పుట్టిన నాటి నుంచి అయిదేళ్ల కాలపరిమితి ఉంది. ఏళ్ల క్రితం మూతపడిన ఫ్యాక్టరీల విషయంలో ఇదే చిక్కు, న్యాయవాదిని అడగకుండా అడుగు వేయకండి. ట్రైబ్యునల్ తలచుకుంటే ఎంత వేగంగా కదులుతుందో విశాఖ చూసింది. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ వాయువు లీకైతే, మర్నాడే 50 కోట్ల రూపాయలు జిల్లా మేజిస్ట్రేట్ దగ్గర జమ చేయాలని కంపెనీని ఆదేశించింది. అది ప్రమాదం, మనది నెమ్మదిగా ఇంకిన విషం. రెండింటికీ ఒకే వేగం ఆశించకండి.

ఎంపీ నిధులు అడగకండి. అవి శాశ్వత ఆస్తుల నిర్మాణానికి. అధ్యయనాలకు రావు. ఎంత పరిచయం ఉన్నా ఈ దారిలో ఆరు నెలలు పోగొట్టుకోవద్దు.

కంపెనీల సామాజిక బాధ్యత నిధులు ప్రజాధనం కాదు గానీ, నేల, నీటి నాణ్యత కాపాడే పనులు వాటి జాబితాలో ఉన్నాయి. ఒక జాగ్రత్త: కాలుష్యం చేసినట్టు అనుమానం ఉన్న కంపెనీ నుంచే పరీక్షకు డబ్బు తీసుకుంటే నివేదికను ఎవరూ నమ్మరు.

## 6. ఎస్టిమేట్ వేయడం: నాలుగు ఎకరాల ఉదాహరణ

డబ్బు అడిగే అర్జీకి ఎస్టిమేట్ లేకపోతే ఎలా తిరిగివస్తుందో ముందే చెప్పాను. రేట్లు మారుతుంటాయి, లెక్క పద్ధతి మారదు. అది పట్టుకోండి.

నాలుగు ఎకరాలంటే 16,187 చదరపు మీటర్లు. నేల మీద గళ్లు గీసి, ఒక్కో గడిలో ఒక పాయింటు తీసుకుంటారు. 40 మీటర్ల గడి అయితే 1,600 చదరపు మీటర్లకు ఒకటి, అంటే సుమారు పది పాయింట్లు. 20 మీటర్ల గడి అయితే సుమారు 40. గడి వెడల్పు సగమైతే పాయింట్లు నాలుగింతలు అవుతాయి. ఖర్చు చెయ్యి దాటేది ఇక్కడే.

మొదటి దశ, అనుమానం ఉన్న చోట్లే:

□ 12 పాయింట్లు, ఒక్కో చోట రెండు లోతులు: 24 నమూనాలు
□ పోలిక కోసం కలుషితం కాని బయటి నేల: 3
□ ల్యాబును పరీక్షించే జంట నమూనాలు: 3
□ మొత్తం 30

రెండో దశ, మొదటి దశలో తేడా కనిపిస్తేనే:

□ 40 పాయింట్లు, మూడు లోతులు: 120
□ జంట నమూనాలు: 12
□ బయటి నేల: 6
□ మొత్తం 138
□ భూగర్భజలానికి నాలుగు పరిశీలన బోర్లు: వాలుకు ఎగువన ఒకటి, దిగువన మూడు

30కీ 138కీ తేడా చూడండి. మొదట 30కే అడగాలి. రెండో దశను "ఫలితాలను బట్టి" అని విడిగా చూపాలి. రెండూ కలిపి అడిగితే పెద్ద మొత్తం చూసి భయపడతారు.

నమూనాల సంఖ్యను పరీక్షల సంఖ్యతో, దాన్ని మూడు ల్యాబుల కొటేషన్లలో మధ్యస్థ రేటుతో గుణించండి. బోరు తవ్వకానికి రాష్ట్ర ప్రభుత్వ ప్రామాణిక రేట్ల పట్టిక, అంటే ఎస్ఎస్ఆర్ చూడండి. అందరూ మరిచిపోయే పద్దులు ఇవి: సర్కారు తుమ్మ పొదలు కొట్టించడం, తవ్విన మట్టిని పీపాల్లో భద్రపరచి తరలించడం, బోరు గొట్టాలకు తాళం మూతలు, చేతి తొడుగులు, బూట్లు, మంచు పెట్టెలు, రవాణా, జీఎస్టీ. వీటికి డబ్బు పెట్టకపోతే పనిచేసేవారు చెప్పుల్లేకుండా ఆ మట్టిలో దిగుతారు. అది నా కళ్లతో చూశాను.

## 7. సంస్థను ఎంచుకునేటప్పుడు

టెండరు పత్రంలో మూడు షరతులు ఉండేలా చూడండి. ల్యాబుకు ఎన్ఏబీఎల్, అంటే ల్యాబుల నాణ్యతను ధ్రువీకరించే జాతీయ బోర్డు గుర్తింపు ఉండాలి, అదీ మీరు అడిగే పరీక్షలకే. చాలా ల్యాబులకు తాగునీటికి గుర్తింపు ఉంటుంది, మట్టిలోని లోహాలకు ఉండదు. నమూనాలు తీసే సంస్థకూ స్థల యజమానికీ లావాదేవీలు ఉండకూడదు. శుద్ధి పని చేసే సంస్థే పరీక్ష కూడా చేయకూడదు.

నాగపూర్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరి, హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, మన ఆంధ్ర విశ్వవిద్యాలయం భూగర్భ, పర్యావరణ శాస్త్ర విభాగాలు ఉన్నాయి. ప్రభుత్వ విద్యాసంస్థలతో పని చేయించడం స్థానిక సంస్థలకు కాగితాల పరంగా కూడా తేలిక.

## 8. నమూనాల రోజు

కాలం ముందు. మే నెలలో ఒకసారి, వానల తరువాత డిసెంబరులో ఒకసారి తీయించాలి. ఒక్క విడతకే డబ్బు ఉంటే వానలకు ముందు మట్టి తీయండి, నీటిని వానల తరువాతకు ఆపండి. హార్బరు పక్క స్థలాల్లో పోటు, ఆటు సమయం నమోదు చేయాలి, అక్కడి బోర్లలో నీరు సముద్రంతో ఊగుతుంది.

బయటి నేల ఎంపిక విశాఖలో పెద్ద చిక్కు. కొండ పక్క ఎర్రమట్టిలో ఇనుము, అల్యూమినియం సహజంగానే ఎక్కువ. హార్బరు చుట్టూ ఉన్నది పూడిక మట్టి. బీచ్ ఇసుకలో బరువు ఖనిజాలు ఉంటాయి. ఫ్యాక్టరీ పూడిక మీద ఉంటే పోలికకు కొండ మట్టి తెస్తే లెక్క తప్పుతుంది. ఒకే రకం నేల, ఫ్యాక్టరీ గాలి వీచే దిక్కుకు దూరంగా, లారీలతో తెచ్చి పోసిన మట్టి కాని చోట తీయాలి.

మా మొదటి విడతలో సంచుల మీద కాగితం చీటీలు అతికించి బాల్‌పెన్నుతో రాశాం. మంచు కరిగి పెట్టెలో నీరు చేరింది. ల్యాబు గుమ్మం దగ్గర మూత తీస్తే చీటీలు విడిపోయి అడుగున ఉన్నాయి, సిరా నీలంగా కారిపోయింది. ముప్పై సంచుల్లో పదకొండు ఏ పాయింటువో ఎవరికీ తెలియలేదు. అప్పటి నుంచి చెరగని మార్కరుతో సంచి మీదే రాసి, దాన్ని ఇంకో సంచిలో పెడుతున్నాం.

ఆ రోజు చేతిలో ఉండాల్సిన చీటీ:

□ యజమాని రాత అనుమతి, మండలి ప్రతినిధి హాజరు
□ ప్రతి పాయింటుకు జీపీఎస్ అంకె, లోతు, సమయం, ఫొటో
□ లోహాల కోసం తీసిన నీటిలో నైట్రిక్ ఆమ్లం
□ బెంజీన్ లాంటి ఆవిరయ్యే రసాయనాలకు గోధుమరంగు గాజు సీసా, గాలి లేకుండా నిండుగా
□ నమూనా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో సంతకాలతో పత్రం
□ సీలు వేసి, యజమాని ప్రతినిధికి ఒక భాగం

చివరి రెండూ లేకపోతే రేపు ట్రైబ్యునల్‌లో ఆ ఫలితం నిలవదు. మినరల్ వాటర్ సీసాల్లో నీరు పట్టుకొస్తే ల్యాబు వెనక్కి పంపుతుంది, పంపాలి కూడా.

## 9. నివేదిక చేతికి వచ్చాక

మొదట చూడాల్సింది "బీడీఎల్" అన్న మాట. ల్యాబు కొలవగలిగిన దానికంటే తక్కువ ఉందని దాని అర్థం, ఏమీ లేదని కాదు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాములు మించకూడదు. ల్యాబు యంత్రం 0.05 కంటే తక్కువ కొలవలేకపోతే, హద్దుకు నాలుగింతలు సీసం ఉన్న నీటికి కూడా "బీడీఎల్" అనే వస్తుంది. చూసినవారు ఊపిరి పీల్చుకుంటారు. అందుకే టెండరులోనే కొలత సామర్థ్యం హద్దు కంటే తక్కువ ఉండాలని రాయించండి. ఆర్సెనిక్‌కు హద్దు 0.01, కాడ్మియానికి 0.003.

తరువాత ప్రమాణాల యూనిట్లు. లీటరుకు 10 మైక్రోగ్రాములన్నా, 0.01 మిల్లీగ్రాములన్నా ఒకటే. మట్టికి కిలోకు మిల్లీగ్రాములు. మట్టి అంకెను నీటి హద్దుతో పోల్చి "వెయ్యి రెట్లు విషం" అని ప్రకటిస్తే మీ మాట మీద నమ్మకం ఆ రోజుతో పోతుంది.

మట్టికి హద్దులు నేల వాడకాన్ని బట్టి మారుతాయి. ఇళ్లకు ఒకటి, పరిశ్రమకు ఒకటి. రేపు అక్కడ ఇళ్లు కట్టే ఆలోచన ఉంటే ఇళ్ల హద్దుతోనే పోల్చమని అడగండి. పరిశ్రమ హద్దుతో పోల్చి "సురక్షితం" అన్న నివేదికను అపార్ట్‌మెంట్ల అనుమతికి వాడటం పాత ఎత్తుగడ.

## 10. ఎక్కడ జారతారు, ఎలా సర్దుకోవాలి

జాబితాలో చేర్చలేదు: ఏ కారణంతో అని రాతలో అడగండి. "ఆధారాలు లేవు" అంటే ఫారం 4 తేడా పట్టికను మళ్లీ జతచేసి, వచ్చే ఆరు నెలల జాబితాకు ముందే ఇవ్వండి.

యజమాని లోనికి రానివ్వడం లేదు: మండలి అధికారులకు పర్యావరణ చట్టం కింద ప్రవేశించి నమూనాలు తీసే అధికారం ఉంది. మీరు గొడవ పడకండి, వారినే పిలవండి. ఈలోగా గోడ బయట గెడ్డ మట్టి, చుట్టుపక్కల బోరు నీరు తీయించవచ్చు.

డబ్బు మంజూరైంది, మార్చి వచ్చేసింది: మార్చి 31లోగా ఖర్చు కాకపోతే చాలా పద్దులు మురిగిపోతాయి. సెప్టెంబరులోగా టెండరు పూర్తి కాకపోతే ఆ ఏడాది పోయినట్టే అనుకుని, కొనసాగింపు కోరుతూ డిసెంబరులోనే లేఖ పెట్టించండి.

పత్రికలకు ముందే చెప్పేశారు: ఫలితాలు రాకముందే "విషభూమి" అని వార్త వస్తే ఇళ్ల యజమానులే మీకు ఎదురు తిరుగుతారు. నేల ధర వారి జీవితం. నమూనాలకు ముందు వీధిలో ఒక సమావేశం పెట్టి, ఎందుకు తీస్తున్నామో, ఫలితం ఎప్పుడు చెబుతామో తేదీతో చెప్పండి.

## 11. పని ముగిశాక

వినియోగ ధ్రువపత్రం, అంటే డబ్బు ఇచ్చిన పనికే ఖర్చయిందన్న పత్రం ఇవ్వని పనికి రెండో దశ డబ్బు రాదు. బిల్లులు, ల్యాబు అసలు నివేదికలు, అప్పగింత పత్రాలు, ఫొటోలు ఒకే ఫైలులో ఉన్నాయా చూడండి. మిగిలిన మట్టి నమూనాలను ల్యాబు పారేయకుండా, నివేదికపై అభ్యంతరాలు ముగిసేదాకా ఉంచమని లేఖ రాయించండి.

పరిశీలన బోర్లకు మూత, తాళం ఉన్నాయో లేదో మీరే వెళ్లి చూడండి. మూత లేని బోరులో పిల్లలు రాళ్లు వేస్తారు, ఎవరో ఒకరు వాడిన ఆయిలు పోస్తారు. తాళంచెవులు ఎవరి దగ్గర ఉన్నాయో వార్డు సచివాలయం రిజిస్టరులో రాయించండి. డిసెంబరులో నీళ్లు తీయడానికి వచ్చినప్పుడు మొదట వెతికేది వాటినే.